శాకాహార గుంత

మా ముత్తాత పెద్ద ఓబుళరెడ్డి గారు. కుందూ నది ఒడ్డున నాలుగైదు ఊళ్లకు ఆయన మాటే తీర్పు. మా తాత శేషారెడ్డి గారు జిల్లా బోర్డు సభ్యులు. కలెక్టరు మా ఇంటికి వస్తే తాత లేచి నిలబడేవారు కాదనీ, తాత చెప్పేదాకా కలెక్టరు కూర్చునేవాడు కాదనీ మా వైపు ఇప్పటికీ చెప్పుకుంటారు. మా నాన్న మాధవరెడ్డి గారి పెద్దరికమంతా కోర్టుల్లో. పొలం గట్టు దగ్గర మొదలైన ఒక దావాను కర్నూలు నుంచి హైదరాబాదు దాకా నడిపించి గెలిచారు. గెలిచేనాటికి ఆ గట్టు తప్ప మాకు ఇంకేమీ మిగల్లేదు.

ఆ వంశానికి మిగిలిన ఏకైక వారసురాలిని నేను. నా ఉద్యోగ జీవితమంతా హైదరాబాదులో ఒక విశ్వవిద్యాలయం తోటల విభాగంలో, అరటి తొక్కల మధ్య, రాలిన ఆకుల మధ్య గడిచింది. మా చుట్టాలు నన్ను ఎవరికైనా పరిచయం చేస్తే "యూనివర్సిటీలో ఆఫీసరు" అని, వెంటనే మాట మార్చేవాళ్లు. వాళ్లకు సిగ్గు కావచ్చు, నాకు లేదు. మా ఊళ్లో ఒక ఇంటి పెద్దరికం పెంటదిబ్బను చూస్తే తెలిసేది. సంబంధం మాట్లాడడానికి వచ్చిన పెద్దమనుషులు పిల్లను చూసే ముందు కొట్టం వెనక దిబ్బ ఎంత ఎత్తుందో చూసేవాళ్లు. దిబ్బ పెద్దదైతే పశువులు ఎక్కువ, పశువులు ఎక్కువైతే పొలం ఎక్కువ. ఆ లెక్కన మా వంశంలో నాకున్నంత పెద్ద దిబ్బ ఇంకెవరికీ లేదు.

చెత్తను ఎరువు చేసే ఈ పనిలోకి ఇప్పుడు చదువుకున్న పిల్లలు చాలామంది వస్తున్నారు. వాళ్ల చేతిలో పుస్తకాలు ఉంటాయి, ఫోన్లో వీడియోలు ఉంటాయి. వాటిలో లేనివి మాత్రమే ఇక్కడ రాస్తున్నాను.

కుళ్లడం మన పని కాదు

చెత్తను కుళ్లబెట్టడం మన ఉద్యోగం అనుకుని వస్తారు. కాదు. కుళ్లడం దానంతట అదే జరుగుతుంది, మనం సెలవులో ఉన్నా జరుగుతుంది. మనుషులతో వేగడం మన ఉద్యోగం.

మా యార్డు తార్నాక వైపు గేటు పక్కన, ప్రహరీ గోడను ఆనుకుని ఉండేది. వరసగా గుంతలు, పైన రేకులు, ఒక మూల జల్లెడలు. క్యాంపస్‌లో రాలే నిద్రగన్నేరు, కానుగ, వేప, తురాయి ఆకంతా అక్కడికే వచ్చేది. హాస్టల్ మెస్సుల్లో మిగిలిన అన్నం, స్టాఫ్ క్వార్టర్ల వంటింటి చెత్త, గోడ అవతల కాలనీ వీధి చెత్త బకెట్లలో వచ్చేవి. ఒక వరస తడిది, దాని మీద అంతకు రెండింతలు ఎండాకు, పైన పలచగా పేడనీళ్లు. వారం వారం తిరగెయ్యాలి. పిడికిట్లోకి తీసుకుని పిండితే చెయ్యి తడవాలి, నీళ్లు కారకూడదు. కొన్ని నెలలకు అది తొలకరి పడిన నేలలా వాసన వేస్తుంది. అప్పుడు జల్లించి, చెత్త ఇచ్చిన ప్రతి ఇంటికీ ఒక సంచి ఎరువు ఇచ్చేవాళ్లం. శాస్త్రమంతా ఇంతే. ఇంతకు మించి ఎవరైనా చెబుతుంటే మీకు మిషన్ అమ్మడానికి వచ్చారని అర్థం.

మేము గుంతలు తవ్వకముందు ఆకును పోగుచేసి కాల్చేవాళ్లు. ఒకసారి పర్యావరణం మీద పెద్ద సదస్సు జరుగుతున్న హాలు వెనకే ఆకు కాలుతోంది. పొగ లోపలికి వచ్చింది. నిర్వాహకులు ఏం చేశారనుకున్నారు? కిటికీలు మూయించి సదస్సు కొనసాగించారు. వాయు కాలుష్యం మీద మంచి తీర్మానం కూడా చేశారు.

నా మొదటి పై అధికారి ముసలాయన, జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకోకుండా యార్డులో అడుగు పెట్టేవాడు కాదు. పని ఏమీ తెలియదు. కానీ ఒక్క మంచి మాట చెప్పాడు. "రిబ్బను మాత్రం కట్టించకమ్మా. రిబ్బను కట్టిన పని రిబ్బనుతోపాటే తెగుతుంది." అందుకే మా యార్డుకు ప్రారంభోత్సవం లేదు, శిలాఫలకం లేదు. ఎవరి కంటా పడకుండా చాలా ఏళ్లు బతికింది.

ఒక షరతు

కంట పడింది సుధాకర్ గారు ఎస్టేట్ ఆఫీసరుగా వచ్చాక. క్యాంపస్‌లో స్థలాలు, భవనాలు ఆయన చేతిలో ఉండేవి. ఖాళీ స్థలం చూస్తే ఆయనకు కార్లు కనిపించేవి. గేటు పక్కన ఆ మూల నీడగా ఉంది, రోడ్డుకు దగ్గరగా ఉంది. చెత్తకు అంత మంచి చోటు ఎందుకని ఆయన బాధ.

"వాసన కంప్లైంట్ ఒక్కటొచ్చినా యార్డు క్లోజ్ మేడం. ఆ కార్నర్ కోసం నా దగ్గర లైన్ కట్టిన్రు" అన్నారు.

ఆ రోజు నుంచి మా యార్డు ప్రాణం క్వార్టర్లలో ఉన్నవాళ్ల ముక్కుల్లో ఉంది.

ఈ షరతు నాకంటే యాదమ్మకు ఎక్కువ బరువు. యాదమ్మది జనగామ దగ్గర పల్లె, కాపురం మెట్టుగూడలో ఒక అద్దె గదిలో. కాంట్రాక్టు మీద రోడ్లు ఊడ్చి ఊడ్చి మోకాళ్లు పోగొట్టుకుంది. యార్డులోకి వచ్చాక నీడ, పీట మీద కూర్చుని జల్లించే పని. యార్డు పోతే మళ్లీ ఎండలో చీపురే. ఆ సంగతి ఆమెకు తెలుసు, నాకు తెలుసు.

యాదమ్మ వినయం గల మనిషని అనుకోకండి. హాస్టల్ కుర్రాడెవడో అన్నం బకెట్‌లో చిప్స్ ప్యాకెట్ పడేస్తే నేరుగా మెస్సులోకి వెళ్లి అందరి ముందూ వాడి దగ్గర నిలబడింది. "ఏం బిడ్డా, మీ అమ్మ పప్పుల గిట్లనే ప్లాస్టిక్ కవర్లేసి పెట్టిందా నీకు? అందుకే గిట్ల పెరిగినవా?" ఆ మెస్సు నుంచి మళ్లీ ప్లాస్టిక్ రాలేదు. అవగాహన సదస్సులు పెట్టే బదులు ప్రతి యార్డుకూ ఒక యాదమ్మను పెట్టండి.

కడగలేని ఎరువు

క్వార్టర్లలో అన్నపూర్ణమ్మ గారని ఉండేవారు. కెమిస్ట్రీ ప్రొఫెసర్ విశ్వనాథం గారి భార్య. పేర్లు మార్చాను, మనుషుల్ని మార్చలేదు. ఆమెది అనంతపురం, నాది కర్నూలు వైపు, అందుకని వదినా అని పిలిచేదాన్ని. ఒకసారి ఎరువు సంచి ఇచ్చి వెళుతుంటే ఆపారు.

"ఏమ్మా రాజ్యం, ఎరువు బంగారం మాదిరి ఉండాది. కానీ ఒక మాట అడగల్ల."

"అడుగు వదినా."

"ఇందులో ఎవరెవరి ఎంగిలి కలిసిందో ఏమో. హాస్టలు పిల్లోళ్లు నమిలి పారేసిన కోడి బొక్కలు గూడా ఏస్తారంట కదా. తులసమ్మకు ఎట్ల ఏసేది?"

"నువ్వు కొనే వంకాయ ఏ దిబ్బ మీద పండిందో ఎప్పుడన్నా అడిగినావా వదినా?"

"వంకాయను కడుక్కుంటాం కదమ్మా. ఎరువును కడగలేం కదా."



ఆ మాట ఇల్లిల్లూ తిరిగింది. క్వార్టర్ల సంఘం కూర్చుంది. శాకాహారుల ఇళ్ల చెత్తకు వేరే గుంత కావాలని తీర్మానించింది. సుధాకర్ గారు ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు.

"సింపుల్ మేడం. ఇంకొక గుంత కొట్టించండి, బోర్డు పెట్టండి, ప్రాబ్లం సాల్వ్."

"వాసన వస్తే సార్?"

"వెజ్ చెత్తకు స్మెల్ ఏముంటది మేడం?"

పక్కనే కెమిస్ట్రీ ప్రొఫెసర్ గారు కూర్చుని ఉన్నారు. ఆయన కూడా తల ఊపారు.

గుంత తవ్వించాను. ఆకుపచ్చ అక్షరాలతో "శాకాహార గుంత" అని బోర్డు వచ్చింది. వేరే పార, వేరే గంప వచ్చాయి. యాదమ్మ బోర్డు ముందు నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"మేడం, గుంతకు బొట్టు గూడ పెట్టాల్నా? నేను తానం జేసి రావాల్నా, కాళ్లు గడుక్కుంటే సాలా?"

"నోరు మూసుకుని తిరగెయ్యి."

"గట్లనే. నోరు మూసుకోకుంటే గాలి సోకి మైల పడతది గదా!"

తొక్కని ఆకు

మొదట్లో ఇబ్బంది లేదు. శాకాహార గుంతకూ మామూలు గుంతకూ ఒకే కుప్ప నుంచి ఎండాకు వేస్తున్నాం. అప్పుడు విశ్వనాథం గారు పొద్దుటి నడకలో యార్డు దగ్గర ఆగారు. యాదమ్మ గంపతో ఆకు తెచ్చి పోస్తుంటే ఆపించి నన్ను పిలిచారు.

"ఈ ఆకు ఎక్కడిదండీ?"

"రోడ్డు మీద ఊడ్చింది సార్."

"అంటే అందరూ తొక్కింది. కుక్కలు తిరిగింది, ఉమ్మేసింది. దీన్ని ఇందులో ఎలా వేస్తారు?"

సంఘం మళ్లీ కూర్చుంది. తొక్కని ఆకు మాత్రమే వేయాలన్నారు. పెరట్లో రాలిన మామిడాకులు తామే ఏరి ఇస్తామన్నారు. ఇచ్చారు కూడా. ఇస్త్రీ బట్టల్లా ఒకదాని మీద ఒకటి పేర్చి, కవర్లో పెట్టి ఇచ్చేవాళ్లు. ఒక ఇంటి ఆకుతో ఆ ఇంటి దొండకాయ ముక్కలు కూడా కప్పలేం. తడి పెరిగింది, ఎండు లేదు. గుంత పేస్టులా మారింది.

నేను ప్రొఫెసర్ గారి దగ్గరికి వెళ్లాను.

"సార్, మీరు పాఠం చెప్పేవారు. తడికి తగ్గ ఎండాకు లేకపోతే ఏమవుతుందో నాకంటే మీకే బాగా తెలుసు."

"తెలుసమ్మా. అమోనియా వస్తుంది."

"మరి?"

"అది లాబ్‌లో. ఇది ఇంటి సంగతి."

ఈ మాటను నేను విద్యావంతులైన చాలామంది నోట చాలా రూపాల్లో విన్నాను. ఇంత సూటిగా చెప్పింది ఆయన ఒక్కరే. అందుకు ఆయనంటే నాకు ఇప్పటికీ ఒక గౌరవం.

వానలు మొదలయ్యాయి. బొక్కలు, చద్దన్నం, కుక్కలు తిరిగిన ఆకు వేసిన మామూలు గుంత బుద్ధిగా పండుతోంది. పక్కనే వంకాయ తొడిమలు, కొబ్బరి పిప్పి, పూజ పూలు తప్ప ఇంకేమీ ఎరుగని గుంత మురుక్కాలవలా కంపు కొడుతోంది. గాలి క్వార్టర్ల వైపే వీచేది. గాలికి మడి లేదు.

బకెట్ మర్యాద

ఈ పనిలో ఒక నియమం ఉంది. ఏ ఉత్తర్వులోనూ రాసి ఉండదు, అందుకే గట్టిగా చెబుతున్నాను. ఒక ఇంటి బకెట్‌లో చూసింది ఇంకో ఇంట్లో చెప్పకూడదు. డాక్టరుకూ లాయరుకూ తెలియనివి మనకు తెలుస్తాయి. ఎవరింట్లో రెండు రోజులుగా పొయ్యి వెలగలేదో, ఎవరు ఏ మాత్రలు మింగుతున్నారో, ఎవరింట్లో గాజులు పగిలాయో అన్నీ బకెట్ చెబుతుంది. మనల్ని నమ్మి దాన్ని మన చేతికి ఇస్తున్నారు. ఆ నమ్మకం పోయిన రోజు బకెట్లు మళ్లీ ఖాళీ ప్లాటు గోడ మీంచి అవతలికి పోతాయి.

ఒకరోజు యాదమ్మ శాకాహార గుంతకు వచ్చిన బకెట్లు కుమ్మరిస్తూ పిలిచింది.

"మేడం, గిటు రాండ్రి. కోడి కాలు బొక్క. మసాల గూడ ఉన్నది."

"కాకి పడేసి ఉంటుంది."

"కాకి పేపర్ల సుట్టి పడేస్తదా? దారం గట్టి ముడి గూడ ఏసింది సూడున్రి. గీ కాకి బాగ సదువుకున్నది మేడం."

అది ఎవరి బకెట్టో ఇద్దరికీ తెలుసు, బకెట్ మీద ఇంటి నంబరు రాసి ఉంటుంది. కప్పెయ్యమన్నాను. కప్పేసింది. ఆ తరువాత కూడా అలాంటి పొట్లాలు వస్తూనే ఉన్నాయి. ఎప్పుడూ అదే ముడి.

ఎముక ఎక్కడిది

ఫిర్యాదు వచ్చింది. వాసన భరించలేకపోతున్నామని సంతకాలు చేసినవాళ్లంతా శాకాహార గుంత కావాలని సంతకాలు చేసినవాళ్లే. సుధాకర్ గారు తన గదిలో అందర్నీ కూర్చోబెట్టారు. సంఘం వాళ్లు ఒక పక్క, నేను ఒక పక్క. యాదమ్మను తలుపు దగ్గర నిలబెట్టారు.

సంఘం వాదన చక్కగా ఉంది. శాకాహారానికి వాసన రాదు. వస్తోంది. కాబట్టి ఎవరో మాంసం కలిపారు. గుంతలో ఎముక తాము కళ్లారా చూశామన్నారు. ఒకాయన యాదమ్మ వైపు చూడకుండానే అన్నాడు. "మనం వేరే గుంత అడిగామని వీళ్లకు కోపం. కావాలనే వేసుంటారు."

"నేనెందుకు ఏస్త సారూ? కోడి బొక్క దొరికితే నేనే సప్పరించుకుంట గని, మీ గుంతకెందుకు పెడ్త?"

సుధాకర్ గారు నా వైపు వంగారు. "మేడం, ఈజీగ పోదాం. ఈమెను మార్చేద్దాం. కమిటీ హ్యాపీ, యార్డు ఉంటది. లేదంటే యార్డు క్లోజ్. మీ ఇష్టం."

మార్చేయడమంటే పనిలోంచి తీసేయడం.

ఆ ముడి వేసిన ఇల్లు ఆ గదిలోనే ఉంది. ఎవరని మీరు అనుమానపడినా నేను అవునని గానీ కాదని గానీ అనను. ఆ ఒక్కరూ పైన తిరుగుతున్న ఫ్యాన్‌ను జీవితంలో మొదటిసారి చూస్తున్నట్టు చూస్తున్నారు. నేను ఒక్క ఇంటి నంబరు పలికితే యార్డూ ఉండేది, యాదమ్మా ఉండేది.

"యాదమ్మ ఏమీ కలపలేదు. కలపాల్సిన ఆకును కలపనివ్వంది మీరు" అన్నాను. "అయినా గుంతలో పడ్డ ప్రతిదానికీ నేనే జవాబుదారు. ఏం రాసుకుంటారో నా మీద రాసుకోండి."

"అయితే ఎముక ఎక్కణ్ణుంచి వచ్చింది?" ఎవరో అడిగారు.

"తిన్నచోటి నుంచి."

"అదే, ఎక్కడ?"

"అది చెప్పడం నా ఉద్యోగం కాదు."

యార్డు మూసేశారు. నాకు ఒక మెమో ఇచ్చారు. యాదమ్మ పని పోలేదు. మళ్లీ రోడ్లు ఊడ్చే గుంపులో వేశారు.

బయటికి వచ్చాక ఆమె నన్ను వదల్లేదు.

"ఒక్క నంబర్ చెప్తే అయిపోతుండె గద మేడం! మీకేం పోతుండె?"

"ఒకరి వంటింటి సంగతి పదిమందిలో పెట్టకూడదు యాదమ్మా. మా ఇంట్లో మాకు నేర్పింది అది."

"మీ పెద్దింటి మర్యాద మంచిగనే ఉన్నది. నా మోకాళ్ల మీదికెళ్లి నడుస్తున్నది."

 ఆమె కోపం న్యాయమైనదే. అయినా రేపు నన్ను మళ్లీ ఆ గదిలో కూర్చోబెడితే మళ్లీ అదే చెబుతాను. మీరూ చెప్పకండి. కాకపోతే తగువు పెట్టుకోవాలంటే బోర్డు రాయించిన రోజే పెట్టుకోండి. వాసన వచ్చిన రోజుకు అందరి ముక్కులూ సాక్షులైపోతాయి.

మూసిన తరువాత

మూసేయమన్నారే గానీ గుంతల్లో ఉన్నదాన్ని ఏం చేయాలో ఎవరూ చెప్పలేదు. గుంతకు కాపలా కాసిన క్వార్టర్ల సంఘం కూడా అటు రావడం మానేసింది. యాదమ్మ రోడ్డు ఊడ్చిన ఆకు గంపలు గంపలుగా తెచ్చి, ఎవరినీ అడగకుండా శాకాహార గుంతలో పోసింది. తోటి ఆడవాళ్లను పిలిచి మామూలు గుంతలోది కూడా తోడి దాంట్లో కలిపి తిరగేయించింది. తొక్కిన ఆకు, కుక్కలు తిరిగిన ఆకు, బొక్కలు అన్నీ అందులోకి వెళ్లాయి. కొన్ని వారాలకు వాసన పూర్తిగా పోయింది.

సుధాకర్ గారు ఎదురుపడి సంతోషంగా అన్నారు. "చూసిన్రా మేడం, క్లోజ్ చెయ్యంగనే స్మెల్ బంద్ అయింది!"

ఇప్పుడు అక్కడ కార్లు నిలబడతాయి. ఆకును మళ్లీ కాలుస్తున్నారు. సదస్సులు జరుగుతున్నాయి, కిటికీలు మూస్తున్నారు. యాదమ్మ పొడుగు చీపురుతో లైబ్రరీ రోడ్డు ఊడుస్తుంది. మధ్య మధ్య ఆగి మోకాలు పట్టుకుంటుంది. నేను ఆ ఏడాదే రిటైరయ్యాను.

ఆ చలికాలంలో తార్నాకలో కూరగాయల బండి దగ్గర విశ్వనాథం గారు కనిపించారు. ఆప్యాయంగా పలకరించారు.

"యార్డు పోయాక ఎరువుకు కష్టమవుతుందనుకున్నామండీ. నల్లకుంటలో ఒక నర్సరీ దొరికింది. సంచి మీద ఆకుపచ్చ చుక్క వేసి అమ్ముతాడు, కల్తీ లేదు. అసలు వాసనే లేదు. మీరు కూడా ఇలా చేయించి ఉంటే బాగుండేది."

"మంచిది సార్" అన్నాను.

యార్డులో మిగిలిన ఎరువును విశ్వవిద్యాలయం అంతకుముందే వేలం వేసింది. ఆ నల్లకుంట నర్సరీ వ్యాపారే పాడుకున్నాడు. రెండు గుంతలదీ కలిపి, జల్లెడలతో సహా, ఆయనకే అమ్మేశారు.